దక్షిణపు గదిలో అన్నం పళ్ళెం

ఏప్రిల్ 8

ఉదయం: కాఫీ. కాల్చిన మొక్కజొన్న పొత్తు ఒకటి.
మధ్యాహ్నం: ఉడికించిన కర్రపెండలం. అన్నం రెండు ముద్దలు. నిలవలేదు.
సాయంత్రం: కాఫీ. మొక్కజొన్న.
నొప్పి: లేదు.

ఆరోగ్యకేంద్రానికి జావా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఈ పుస్తకం ఇచ్చింది. ఏ పూట ఏమి తిన్నదీ, ఎప్పుడు వికారం పుట్టినదీ వ్రాసి ఉంచమన్నది. నేను కర్మకాండల్లో నోటితో పాఠం చెప్పేవాణ్ణి. నలభై ఏళ్ళలో ఏ పాఠాన్నీ కాగితం మీద పెట్టినవాణ్ణి కాను. నా అక్షరాలు చూస్తే బడిలో చేరిన తొలిరోజు గుర్తుకు వస్తున్నది.

ఏప్రిల్ 9

ఉదయం: కాఫీ, మొక్కజొన్న.
మధ్యాహ్నం: కర్రపెండలం, ఎండుచేప.
సాయంత్రం: మొక్కజొన్న. ఈ ఏడాది పొత్తులు తియ్యగా ఉన్నవి.

ఏప్రిల్ 11

డాక్టరమ్మ ఇంటికి వచ్చింది. పేరు వెనింగ్. నా పొట్ట నొక్కి చూసి, నాలుక చూసి, "ఏమీ లేదు తాతగారూ. ఈ వికారం ఏ రోజున మొదలైందో గుర్తుందా?" అని అడిగింది.

గుర్తులేదన్నాను.

మా అమ్మాయి లింబోంగ్ కాఫీ మూడు గ్లాసుల్లో పోసి, రెండు మాకిచ్చి ఒకటి దక్షిణపు గదిలోకి తీసుకువెళ్ళింది. "అమ్మా, డాక్టరమ్మ వచ్చింది. నాన్న కడుపు చూస్తోంది. నువ్వు కాఫీ తాగు, వేడిగా ఉంది" అనడం వినబడింది.

"అమ్మమ్మగారికి కూడా ఒంట్లో బాగోలేదా?" అన్నది డాక్టరమ్మ. "ఎన్నాళ్ళయింది?"

"పదకొండు నెలలు" అన్నది లింబోంగ్.

"పదకొండు నెలలా! నాకు చెప్పరేం? ఉండండి, చూసి వస్తాను." సంచీ పట్టుకుని లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చినప్పుడు ముఖంలో నెత్తురు లేదు. ద్వారబంధం పట్టుకుని నిలబడి, మెల్లగా అడిగింది.

"తాతగారూ, ఆవిడ ఎప్పుడు పోయారు?"

"ఎక్కడికీ పోలేదమ్మా. లోపలే ఉంది కదా" అన్నాను.

లింబోంగ్ నవ్వు ఆపుకోలేకపోయింది. "భయపడ్డారా? మా దగ్గర ఇంతేనండీ. కర్మలో బలికి మొదటి దున్న పడేదాకా మనిషి పోయినట్టు కాదు. జబ్బు మనిషే. ఒళ్ళు చెడకుండా మందు పట్టించి, మూడు పూటలా పళ్ళెం పెడతాం. ఎవరొచ్చారో చెప్తాం. బజారుకెళ్తే చెప్పి వెళ్తాం. చెప్పకపోతే నొచ్చుకుంటుంది."

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "తప్పుగా అనుకోకండి. మీకు, మీ మనసులో, నిజంగా తెలియదా?"

"కాఫీ చల్లారిపోతోంది, తాగమ్మా" అన్నాను.

వెళ్ళేటప్పుడు ఆ పిల్ల మెట్ల దగ్గర ఆగింది. వెనక్కి వచ్చి, గది గుమ్మంలో నిలబడి, "వెళ్ళొస్తానమ్మమ్మా" అన్నది. మంచి పిల్ల.

మధ్యాహ్నం: కర్రపెండలం.

ఏప్రిల్ 12

తెలియదా అని అడిగింది. ఎవరికి అని నేను అడగవలసింది.

ఏప్రిల్ 20

ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం: మొక్కజొన్న. కొంచెం పంది మాంసం, వెదురు బొంగులో ఆకులతో వండినది. వికారం లేదు.

మా బావమరిది సంపే వచ్చాడు. వాళ్ళ అక్క తాసిక్ పక్కన కూర్చుని తన కొత్త మోటారు సైకిలు సంగతంతా చెప్పాడు. తరువాత నా దగ్గరికి వచ్చి, "కోతలయ్యాక కర్మ పెట్టేద్దామా బావా?" అన్నాడు.

దున్నలు ఇంకా పట్టుకు రాలేదన్నాను. గాదె నిండలేదన్నాను. పాపువాలో ఉన్న వాడి పెద్దకొడుక్కి సెలవు దొరకాలి కదా అన్నాను.

"వాడికి సెలవు దొరికింది. నిరుడు కూడా దొరికింది" అన్నాడు సంపే.

తాసిక్ తల పడమటికే ఉన్నది. దుప్పటి సరిచేశాను. ఒంట్లో బాగోలేనివాళ్ళ తల పడమటికి ఉండాలి. దక్షిణానికి తిప్పే రోజు వేరు. పోయినవాళ్ళు చేరే పుయా దక్షిణాన ఉన్నది. అక్కడికి నేను ఎంతమందినో నా గొంతుతో సాగనంపాను. ఏ కొండ దాటాలో, ఏ వాగు దగ్గర ఆగాలో, ఏ మెట్టు మీద వెనుదిరిగి చూడకూడదో, అన్నీ వరుసగా చెప్పి పంపాను. వాళ్ళలో ఎవరూ దారి తప్పి వెనక్కి వచ్చినట్టు వినలేదు.

మే 3

డాక్టరమ్మకు పుస్తకం చూపించాను. ఆమె తారీఖులన్నీ వేలితో వెదికి, "తాతగారూ, మీకు మాంసం పడుతోంది, కల్లు పడుతోంది, ఎండుచేప పడుతోంది. ఒక్క అన్నమే పడటం లేదు. ఇలాంటి కడుపు జబ్బు నేను చదవలేదు" అన్నది.

చదవనివి చాలా ఉంటాయమ్మా అన్నాను. నవ్వింది. ఇంకొక మాట కూడా అన్నది. తరువాత వ్రాస్తాను.

మే 12

ఏమీ తినలేదు. నొప్పి లేదు.

మే 15

ఆనాడు డాక్టరమ్మ అన్నది ఇది: "మీ మనసు ఒప్పుకోని సంగతి ఏదో మీ కడుపు ఒప్పుకుంటోందేమో."

నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చే దారంతా ఆ మాట నాతో నడిచింది. మనిషిలో తెలుసుకునేవాడు ఒక్కడేనా? ఒకడు అరుగు మీద కూర్చుని అతిథులతో మాట్లాడుతుండగా ఇంకొకడు వంటింటి వెనుక నిలబడి ఏడుస్తున్నాడా? ఇద్దరికీ ఒకే పేరు పెట్టి పిలుస్తున్నామా?

మా పాఠంలో సృష్టి కథ ఉన్నది. ఆకాశంలో జంట కొలిమితిత్తులు ఊదితే మేలిమి బంగారం కరిగి, అందులోనుంచి మనిషి మూలపురుషుడు పుట్టాడు. అదే తిత్తిలోనుంచి వరి మూలపురుషుడు, దున్న మూలపురుషుడు, వాన మూలపురుషుడు. అందరూ తోబుట్టువులు. వేలసార్లు వల్లించాను. వరి మనిషికి తోబుట్టువంటే అర్థమేమిటో ఒక్కసారైనా ఆగి ఆలోచించలేదు. నోరు నడుస్తుంటే మనసు వేరే పనిలో ఉండేది.

సాయంత్రం: కర్రపెండలం.

మే 30

అవమానం జరిగింది. వ్రాసి తీరాలి.

ఎగువ ఊళ్ళో కొత్త గాదె నిలబెట్టిన విందు. అరటాకులు పరిచారు. నా ఆకులో లింబోంగ్ మాంసమూ కూరా పెట్టి, అన్నం పెట్టబోయి నా ముఖం చూసి ఊరుకున్నది. సంపే ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం బావా, అన్నం ముట్టవేం?"

"కడుపు బాగోలేదురా."

"కడుపా! పంది కొవ్వు రెండు ముక్కలు లాగించావు. కల్లు రెండు బొంగులు ఖాళీ చేశావు. మూడో బొంగుకి చెయ్యి చాస్తున్నావు. అన్నం కనబడగానే కడుపు గుర్తొచ్చిందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత పక్కనున్న ముసలివాడు ఒకడు నమలడం ఆపాడు. అతని తరువాత ఇంకొకడు. నవ్వు అంచులనుంచి లోపలికి ఆరిపోతూ వచ్చింది. అక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరికి తెలియదు? మొదటి దున్న పడిన పూటనుంచి, పోయిన మనిషి మొగుడుగాని పెళ్ళాముగాని అన్నం ముట్టరాదు. కర్మ కడపటి రోజు దాకా మొక్కజొన్న, దుంపలతోనే గడపాలి. ఆ నియమాన్ని ఈ కొండల్లో అందరిచేతా పట్టించినవాణ్ణి నేనే. జబ్బు మనిషి ఇంట్లో ఉండగా ఎవడూ దాన్ని పట్టడు. పట్టితే, ఆ మనిషి పోయిందని ఊరికి చాటినట్టే.

సంపే లేచి నిలబడ్డాడు.

"దున్న పడకముందే మా అక్కని చంపేశావు బావా. నువ్వే. ఇంకెవడైనా అయితే ఊరుకునేవాణ్ణి కాదు."

ఆకు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

మే 31

కడుపు జబ్బు. నిజంగా కడుపు జబ్బే.

జూన్ 1

అన్నం తిన్నాను, అరపళ్ళెం, సంపే చూస్తుండగా. వాడి ఎదురుగా మింగాను. వాడు తృప్తిపడి వెళ్ళాడు. పెరట్లో కాఫీచెట్ల వెనుకకు వెళ్ళి కక్కాను.

జూన్ 9

ఆదివారం. లింబోంగ్ చర్చికి వెళ్ళివచ్చి తల్లి తల దువ్వింది. పాస్టరు ఏం చెప్పాడో తల్లికి చెప్పింది. తరువాత నన్నడిగింది. "నాన్నా, అమ్మని చర్చి పాటలతో పంపితే నీకు కోపమా?"

"మీ అమ్మకు పుయా దారి తెలుసు. నాకంటే బాగా తెలుసు. నేను పాఠం వల్లెవేస్తుంటే వంటింట్లోంచి తప్పులు దిద్దేది" అన్నాను.

"అదేగా! 'వాగు దాటకుండానే కొండెక్కించేశారు, వాడు తడవకుండా ఎలా వెళ్తాడు' అనేది." అంటూనే పడి పడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ దువ్వెన కింద పెట్టి అరచేతులతో ముఖం కప్పుకున్నది. నేను బయటికి వచ్చాను.

మధ్యాహ్నం: మొక్కజొన్న.

జూన్ 21

మొక్కజొన్న. ఏడువేల ఏడువందల డెబ్బై ఏడు నియమాలు ఆకాశంనుంచి దిగినవని పాఠం. నిచ్చెన మీదుగా దిగినవి. ఆ నిచ్చెన కొండరాయిగా ఇప్పటికీ పడి ఉన్నది. పిల్లలకు వేలితో చూపించాను.

నేడు నాకొక ఆలోచన వచ్చింది. వ్రాయడానికి చెయ్యి భయపడుతున్నది.

జూన్ 22

వ్రాస్తాను. ఈ పుస్తకం ఇక డాక్టరమ్మకు చూపించను.

అన్నం ముట్టరాదన్న నియమం ఆకాశంనుంచి దిగలేదు. పాఠం పుట్టకముందు, పుయా పేరు ఎవరికీ తెలియనప్పుడు, ఎక్కడో ఒక కొండవాలున ఒకడి పెళ్ళాం ఒక పొద్దున లేవలేదు. వాడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దిగలేదు. మరునాడూ దిగలేదు. దుంప తిన్నాడు, దిగింది. చుట్టుపక్కల వాళ్ళు చూశారు. వాడి కొడుకు తన వంతు వచ్చినప్పుడు, అన్నం దిగుతున్నా, నాన్న చేశాడు గనుక మానేశాడు. మనుమడు మానకపోతే తప్పన్నాడు. ఆ తరువాత నాబోటివాడొకడు వచ్చి, ఇది పైనుంచి దిగింది అని రాగం కట్టాడు.

అంతేనా?

అంతే అయితే నేను నలభై ఏళ్ళు ఎవరి మాట పలికాను? దేవతల మాటా, ముద్ద దిగని ఆ ముసలివాడి మాటా?

ఆ ముసలివాడి మీద నాకు కోపం రావడం లేదు. వాడి పక్కన కూర్చోవాలని ఉన్నది.

లేవని మనిషి ముందు మొట్టమొదట పళ్ళెం పెట్టినవాళ్ళ సంగతీ అంతేనేమో. తింటుందని నమ్మి పెట్టలేదు. పూట కాగానే చెయ్యి అలవాటుగా అటు వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందని ఎవరో పిల్లవాడు అడిగి ఉంటాడు. జవాబు చెప్పవలసి వచ్చింది. ఆ జవాబే మా అలుక్, మా ధర్మం. అందులోనే పుట్టాను, అందులోనే పోతాను.

జూలై 2

బులాన్ వచ్చింది.

ఆమె పేరు వినగానే దాక్కోవాలనిపించింది. పద్నాలుగేళ్ళ కిందట ఆమె మొగుడు ఒంట్లో బాగోలేక పడుకుని ఉన్న రోజుల్లో, దున్న పడకముందే ఆమె అన్నం మానేసింది. అత్తవారు వచ్చి నాతో మొరపెట్టుకున్నారు. నేను వెళ్ళాను. పదిమందిలో ఆమెను కూర్చోబెట్టి పళ్ళెం తెప్పించి తినమన్నాను. తిన్నది.

ఇప్పుడు బుట్టలో కాల్చిన పొత్తులు పట్టుకు వచ్చింది. ముందు దక్షిణపు గదిలోకి వెళ్ళి, "ఏమే తాసిక్, ఎలా ఉన్నావు? నీ మొగుడి సంగతి ఊరంతా చెప్పుకుంటున్నారు" అని పలకరించింది. తరువాత అరుగు మీద నా పక్కన కూర్చుని ఒక పొత్తు ఒలిచి ఇచ్చింది.

"తిను పెద్దాయనా. ఇది దిగుతుందిగా?"

తిన్నాను.

"ఆ రోజు గుర్తుందా? పదిమందిలో నాచేత ముద్ద మింగించావు."

"అది నియమం బులాన్."

"నీ ముందు మింగాను. కాఫీచెట్ల వెనక్కెళ్ళి కక్కాను." అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నువ్వెక్కడ కక్కుతున్నావు?" అన్నది.

నేనూ అటూ ఇటూ చూసి, "కాఫీచెట్ల వెనకే" అన్నాను.

ఆమె నవ్వింది. వెక్కిరింపు లేని నవ్వు. నా మోకాలి మీద చెయ్యి వేసి తీసేసింది.

"నన్ను క్షమించు" అన్నాను.

"అందుకు రాలేదులే. క్షమించానో లేదో నాకే తెలీదు. ఒక్కటి అడిగిపోదామని వచ్చా. లోపలున్నది జబ్బు మనిషే అంటావా?"

"అవును."

"మరి జబ్బు మనిషికి తన మొగుడు పస్తులుంటున్నాడని తెలిస్తే ఎలా ఉంటుంది? రోజూ గోడ అవతల కూర్చుని కంకులు కొరుకుతున్నావు. ఆవిడకి వినబడదా? అన్నం తిని ఆవిణ్ణి కుదుటపడనీ. లేదూ, నీకు దిగదంటావా, ఆవిడ పోయిందని ఒప్పుకుని పంపించు. ఇలా మధ్యలో పట్టుకుని వేలాడకు పెద్దాయనా. ఆవిడకి తల పడమటా లేదు, దక్షిణానా లేదు."

బుట్ట అక్కడే ఉంచి వెళ్ళింది.

జూలై 3

డాక్టరమ్మ తొలిరోజున అడిగింది, ఇది ఎప్పుడు మొదలైందని. గుర్తులేదన్నాను.

గుర్తున్నది.

నిరుడు మే 12. అవతలి లోయలో పెద్ద కర్మ. నేను పాఠం చెప్పాలి. పొద్దెక్కుతున్నది. తాసిక్ పళ్ళెం పెట్టింది. అన్నం పలుకుగా ఉన్నది. "నలభై మూడేళ్ళుగా వండుతున్నావు, ఇంకా అన్నం ఉడకబెట్టడం చేతకాలేదా?" అన్నాను. నాకు పలుకు పడదని ఆమెకు తెలుసు. ఆ పూట పొయ్యి సరిగా రాజలేదేమో, ఒంట్లో నలతగా ఉన్నదేమో. అడగలేదు. పళ్ళెం పక్కకు నెట్టి మెట్లు దిగాను.

"కాస్త ఆగండి, మళ్ళీ పొయ్యెక్కించి మెత్తగా చేసి పెడతాను" అన్నది.

వినబడింది. వినబడనట్టు నడిచాను.

ఇతరుల ఆత్మకు దారి చెప్పడానికి వెళ్ళాను. కబురు మధ్యాహ్నం వచ్చింది. ఇంటికి చేరేసరికి ఆమెను దక్షిణపు గదిలో పడుకోబెట్టారు. పొయ్యి మీద కుండ ఉన్నది. నేను వెళ్ళిన తరువాత నీళ్ళు పోసి మళ్ళీ పెట్టింది. అన్నం వెన్నలాగా ఉడికి ఉన్నది. సాయంత్రం లింబోంగ్ తెలియక దాన్నే నాకు వడ్డించింది.

అప్పటినుంచి.

జూలై 4

సంపేకు కబురు పంపాను. ఆగస్టు ఆరు.

జూలై 17

వెదురు పందిళ్ళు వేస్తున్నారు. సుత్తుల చప్పుడు ఎక్కువగా ఉన్నదని ఆమెకు చెప్పి, ఓర్చుకోమన్నాను. ఎందుకు వేస్తున్నారో చెప్పలేదు. అది సంపే చెప్పాడట.

మొక్కజొన్న.

జూలై 29

నా గొంతుతో ఆమెను పంపలేను. అన్నం మానవలసినవాడు పాఠం చెప్పరాదు. అవతలి కొండ నుంచి మరొకణ్ణి పిలిచారు. అతనికి వాగు దగ్గర ఒక చరణం రాదు. పిలిచి కూర్చోబెట్టి, ఆ ఒక్క చరణం నాలుగు రోజులు చెప్పించాను. తడవకుండా దాటిపోతే ఆమె నవ్వుతుంది.

పాఠం ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పుడు తెలియదు. ఒక్క చరణమూ తప్పకూడదని మాత్రం తెలుసు. ఈ రెండూ ఒకే తలలో ఎలా ఇముడుతున్నవో డాక్టరమ్మను అడగాలి.

ఆగస్టు 5

బంధువులంతా దిగారు. పాపువా నుంచి సంపే కొడుకూ వచ్చాడు. మధ్యాహ్నం వంటకు లింబోంగ్ కుండ పెట్టబోతుంటే వంటింట్లోకి వెళ్ళాను.

"పలుకుగా వండమ్మా" అన్నాను.

"పలుకు నీకు పడదుగా నాన్నా?"

"ఈవేళ పడుతుంది."

నావైపు చూసింది. కుండ త్వరగా దించింది.

ఒకే పళ్ళెంలో పెట్టించుకుని దక్షిణపు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను. నలభై మూడేళ్ళలో మేమిద్దరం ఒక పళ్ళెంలో తినలేదు. ఎప్పుడూ నేను తిన్న తరువాతే ఆమె తినేది. "తాసిక్, ముందు నువ్వు తిను" అన్నాను. బయట పిల్లలు పందుల వెంట పరుగెడుతున్నారు. ఆమె వంతు తినేంతసేపు ఆగి, పళ్ళెం నావైపు తిప్పుకున్నాను.

గింజ గింజా పంటికింద తగిలింది. మెల్లగా నమిలాను. ఒక్క ముద్ద తరువాత మరొక ముద్ద. దిగింది.

"బాగా వండావు" అన్నాను. ఆనాడు అనవలసిన మాట. వినబడిందో లేదో నాకు తెలియదు. పదిహేను నెలలు ఆమెకు అన్నీ వినబడుతున్నవని లోకానికి చెప్పినవాణ్ణి, ఈ ఒక్క మాట దగ్గర నాకు తెలియలేదు.

పళ్ళెంలో మెతుకు మిగల్చలేదు. వికారం లేదు. నొప్పి ఉన్నది.

ఆగస్టు 6

పొద్దున ఆరు గంటలకు మొదటి దున్న పడింది. సంపే కాళ్ళు పట్టుకున్నాడు, నేను తల పట్టుకున్నాను. ఇద్దరం కలిసి దక్షిణానికి తిప్పాము. ఆమె తల ఇంత తేలికగా ఉంటుందనుకోలేదు.

నా భార్య చనిపోయింది.

మధ్యాహ్నం లింబోంగ్ ఆకు వేసి మొక్కజొన్న పెట్టింది. సంపే నా పక్కన కూర్చుని పొత్తు ఒలిచి ఇచ్చాడు.